కుంకుడు పులుసూ, తలంటే చేయీ

ఇటీవల విజయవాడ పటమటలోని ఒక అపార్టుమెంటు సముదాయంలో రక్తహీనత గురించి మాట్లాడడానికి వెళ్ళాను. అరగంట మాట్లాడి, సందేహాలుంటే అడగమన్నాను. రక్తహీనత గురించి ఒక్కరూ అడగలేదు. ముందు వరుసలో కూర్చున్న ఒక గృహిణి లేచి, "డాక్టరు గారూ, ఇంట్లోనే కుంకుడుకాయలతో షాంపూ చేసుకుంటే జుట్టు ఊడడం ఆగిపోతుందంటున్నారు. నిజమేనా?" అని అడిగారు. అంతవరకు ఫోన్లు చూసుకుంటున్నవారు కూడా తలలెత్తారు. నా ఉపన్యాసానికి దక్కని శ్రద్ధ ఆ ఒక్క ప్రశ్నకు దక్కింది.

ఆమె అడిగినది ఒక ప్రశ్నలా వినిపించినా అందులో రెండున్నాయి. ఇంట్లో షాంపూ చేసుకోవచ్చునా అన్నది మొదటిది. నిస్సందేహంగా చేసుకోవచ్చు. దానివల్ల జుట్టు ఊడడం ఆగుతుందా అన్నది రెండవది. ఆగదు. ఈ రెండు సమాధానాలను వేరువేరుగా గుర్తుంచుకోకపోవడం వల్ల ఎంతమంది ఎంత నష్టపోతున్నారో నాలుగు దశాబ్దాల వైద్యవృత్తిలో చూశాను. అందుకే ఈ వ్యాసం. మన పెద్దల తలంటు ఆరోగ్యానికి మేలు చేసిన మాట వాస్తవమే. అయితే ఆ మేలులో కుంకుడుకాయ వాటా ఎంత, మరి దేని వాటా ఎంత అన్నది ఒకసారి లెక్క చూసుకోవలసిన విషయమని నా అభిప్రాయం.

కుంకుడుకాయ చేసే పని

నా బాల్యం దివిసీమలో గడిచింది. శనివారం మగవారికి, శుక్రవారం ఆడవారికి తలంటు. తెల్లవారకముందే పెరట్లో కాగు కింద మంట వెలిగేది. అమ్మ కుంకుడుకాయలను రాతి మీద చితకగొట్టి, గింజలు ఏరివేసి, పెంకును వేడినీళ్ళలో నానబెట్టి పిసికేది. నురుగు గిన్నె అంచులు దాటి వచ్చేది. ఏరివేసిన నల్లని గింజలు మా గోళీలు. ఆ నురుగులో ఏముందో వైద్యకళాశాలకు వెళ్ళేదాకా నాకు తెలియదు.

కుంకుడు పెంకులో సపోనిన్లు అనే పదార్థాలున్నాయి. లాటిన్ భాషలో సబ్బును సూచించే మాటనుంచి వచ్చిన పేరది. సపోనిన్ అణువుకు ఒక కొస నీటిని ఇష్టపడుతుంది, మరొక కొస నూనెను ఇష్టపడుతుంది. నూనెను ఇష్టపడే కొస వెంట్రుకకు పట్టిన జిడ్డును పట్టుకుంటుంది. రెండవ కొస ఆ జిడ్డును నీటితోపాటు బయటకు లాక్కుపోతుంది. సబ్బు చేసే పని ఇదే, దుకాణంలో కొనే షాంపూ చేసే పనీ ఇదే. శీకాయలో ఉన్నవీ సపోనిన్లే; అయితే దాని నురుగు తక్కువ, కడిగే బలమూ కొంత తక్కువ. మందారాకు, మెంతులు నురుగునివ్వవు. వాటిలోని జిగురు వెంట్రుకల మీద పలుచని పొరలా పరచుకుని చిక్కు పడకుండా చేస్తుంది. అంటే కుంకుడు, శీకాయ షాంపూ అయితే, మందారం, మెంతులు నేటి భాషలో కండిషనర్ అన్నమాట. ఈ పని విభజనను మన అమ్మమ్మలు రసాయనశాస్త్రం చదవకుండానే కనిపెట్టారు.

కృష్ణా డెల్టాలో కుంకుడుకాయకు మరొక ఆధిక్యం ఉంది. కాలువ నీరు అందే ఊళ్ళలో పరవాలేదు గాని, సముద్రానికి దగ్గరైన నాగాయలంక, కోడూరు, కృత్తివెన్ను వంటి మండలాల్లో భూగర్భజలం చాలాచోట్ల ఉప్పు నీరే. నగరంలోనూ బోరు నీటి మీద ఆధారపడిన ఇళ్ళు తక్కువేమీ కావు. బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉంటే ఆ నీటిలో ఒంటి సబ్బుతో తల రుద్దుకున్నప్పుడు తెల్లని తెట్టె కట్టి జుట్టు అట్టలా తయారవుతుంది. కుంకుడు పులుసు అలా తెట్టె కట్టదు. పైగా సబ్బుకు క్షారగుణం. కుంకుడు పులుసుకు స్వల్పమైన ఆమ్లగుణం. మన చర్మపు పైపొరది కూడా స్వల్ప ఆమ్లగుణమే. కనుక ఒంటి సబ్బుతో తల రుద్దుకునేవారికంటే కుంకుడు వాడేవారి జుట్టు మెత్తగా ఉండడంలో ఆశ్చర్యం లేదు. పట్టుచీరలకూ బంగారు నగలకూ మన ఇళ్ళలో కుంకుడు రసాన్నే నమ్ముకున్నది ఈ మెత్తని గుణం చూసే.

సహజమైనదంతా సాధువు కాదు

ఇంతవరకు చదివి, "సహజమైనది కనుక ఎంత వాడినా హాని లేదు" అనుకుంటే పొరపాటు. ఈ మాట మన డెల్టా వాసులకు నేను ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. కైకలూరు, ముదినేపల్లి వైపు చేపల చెరువులున్నవారిని అడగండి. చేపపిల్లలను వదిలేముందు చెరువులో మిగిలిన కొరమీనులను, జెల్లలను, ఇతర కలుపు చేపలను నిర్మూలించడానికి ఇప్పగింజల నూనె తీయగా మిగిలిన చెక్కను వాడడం చేపల పెంపకంలో పాత పద్ధతి. మీటరు లోతున్న హెక్టారు చెరువుకు సుమారు 2,500 కిలోల లెక్కన చల్లుతారు. ఆ చెక్కలో చేపలను చంపేది మరేమిటో కాదు, సపోనిన్. రొయ్యల చెరువుల్లో తేయాకు గింజల చెక్కను వాడేదీ దానికోసమే. కుంకుడులో ఉన్నది సరిగ్గా ఆ సపోనిన్ కాకపోయినా ఆ కుటుంబానిదే. జిడ్డును విడదీసే గుణమే చేప మొప్పలలోని కణాల పైపొరను దెబ్బతీస్తుంది. ప్రయోగశాలలో రక్తపు చుక్కకు సపోనిన్ కలిపితే ఎర్రకణాలు పగిలిపోవడం వైద్యవిద్యార్థులందరూ చూసినదే.

భయపడవలసిన పనిలేదు. తల మీది చర్మం దళసరిగా, మృతకణాల పొరతో కప్పి ఉంటుంది. అది సపోనిన్‌ను లోపలికి పోనివ్వదు. కంటి పైపొర అలా కాదు. కుంకుడు పులుసు కంట్లో పడితే మంట మంటే. చిన్నప్పుడు ఆ మంటకు మేము ఏడుస్తుంటే అమ్మ నాలుక మీద ఉప్పుకల్లు పెట్టేది. ఉప్పు కంటి మంటను తగ్గించదు; పిల్లవాడి ధ్యాసను కంటినుంచి నోటికి మళ్ళిస్తుంది, అంతే. నేటి తల్లులకు నా మనవి: ఉప్పుకల్లు పెడితే పెట్టండి గాని, ముందు కంటిని శుభ్రమైన నీటిధార కింద పదిహేను నిమిషాలపాటు కడగండి. ఆముదం, చనుబాలు, నెయ్యి వంటివి వేయకండి. కడిగిన కొన్ని గంటల తరువాత కూడా కన్ను ఎర్రగా ఉన్నా, వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకబారినా కంటివైద్యుని వద్దకు వెళ్ళవలసిందే.

కుంకుడు రసం కడుపులోకి పోతే వాంతులు, విరేచనాలు కావచ్చు. పొడి ముక్కులోకి పోతే తుమ్ములు ఆగవు. ఉబ్బసం ఉన్నవారికి అది ఆయాసంగా పరిణమించవచ్చు. తలంటు తరువాత జుట్టు ఆరడానికి వేసే సాంబ్రాణి పొగ సంగతీ అంతే: పసిపిల్లలు, ఉబ్బసం రోగులు ఉన్న గదిలో అది వద్దు. పసివాళ్ళ ముక్కుల్లో, చెవుల్లో నూనె చుక్కలు వేసే అలవాటు కూడా మానాలి. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెచ్చిపెట్టగలదు.

సీసాలోని షాంపూను ఎంత తప్పుపట్టాలి?

ఇంటి కుంకుడును మెచ్చుకోవాలంటే దుకాణపు షాంపూను విషమని తిట్టాలన్న నియమమేమీ లేదు. 1930ల వరకు పాశ్చాత్య దేశాలలో కూడా తలకు వాడినది ఎక్కువగా సబ్బు, సబ్బుతో చేసిన ద్రవాలే. కృత్రిమ క్షాళక పదార్థంతో తయారైన తొలి షాంపూ డ్రీన్ 1934లో అమెరికాలో విడుదలైంది. ఉప్పు నీటిలో కూడా తెట్టె కట్టకుండా నురగనిచ్చే గుణం దాని ప్రత్యేకత. మన కుంకుడుకు ముందునుంచీ ఉన్న గుణమే అది. తరువాతి కాలంలో మన దేశంలో చిన్న పొట్లాల రూపంలో షాంపూ ప్రతి పల్లెలోని కిళ్ళీకొట్టు దాకా చేరింది. కాయలు కొట్టి, నానబెట్టి, పిసికి, వడగట్టే తీరిక లేని ఆడవారికి ఆ రూపాయి పొట్లం ఎంత శ్రమ తగ్గించిందో మరచిపోకూడదు. పాత రోజులను పొగిడే మగవారిలో ఎందరు కుంకుడుకాయలు కొట్టారో నాకు అనుమానమే.

నేటి షాంపూలలో చాలావాటిలో ముఖ్యమైన క్షాళకం సోడియం లారెత్ సల్ఫేట్. అది కొందరికి చర్మాన్ని పొడిబార్చవచ్చు, దురద పుట్టించవచ్చు. సూక్ష్మజీవులు పెరగకుండా కలిపే నిల్వ పదార్థాలు, సువాసన ద్రవ్యాలు కొద్దిమందికి ఎలర్జీ కలిగిస్తాయి. అటువంటివారు మానవలసిందే. అయితే షాంపూతో తల కడుక్కుంటే క్యాన్సర్ వస్తుందంటూ ఫోన్లలో తిరిగే సందేశాలకు ఆధారం లేదు.

నాకు అభ్యంతరం మరొకచోట ఉంది. సీసా మీద కుంకుడుకాయల గుత్తి, శీకాయ, మందారపువ్వు బొమ్మలు అచ్చువేసి, లోపల ఎప్పటి క్షాళకాన్నే అమ్మే పద్ధతి మీద. సీసా వెనుకవైపు పదార్థాల జాబితాను పరిమాణం తగ్గే వరుసలో రాస్తారు. నీరు, లారెత్ సల్ఫేట్, ఉప్పు మొదలైనవన్నీ ముగిశాక ఎక్కడో చివర కుంకుడు సారం కనిపిస్తే, మీరు కొన్నది ఆ బొమ్మను మాత్రమేనని గ్రహించండి. కుంకుడే కావాలనుకుంటే కుంకుడుకాయలే కొనుక్కోండి. విజయవాడ వన్‌టౌన్‌లోని పచారీ కొట్లలో ఇప్పటికీ దొరుకుతున్నాయి. అడవుల్లో వాటిని ఏరే గిరిజనులనుంచి 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కూడా సేకరిస్తున్నది. మీరు పెట్టే డబ్బులో కొంతైనా ఆ ఏరిన చేతులకు చేరుతుంది.

ఇంట్లో చేసుకునే పద్ధతి

నడుము దాకా కాకుండా భుజాలు దాటిన జుట్టుకు ఒక తలంటుకు పన్నెండు కుంకుడుకాయలు సరిపోతాయి. చితకగొట్టి గింజలు తీసివేస్తే సుమారు పదిహేను గ్రాముల పెంకు వస్తుంది. దానికి ఒక చెంచా శీకాయ పొడి, అర చెంచా మెంతులు చేర్చుకోవచ్చు. చేర్చకపోయినా లోటు లేదు. గ్లాసున్నర వేడినీళ్ళు పోసి రాత్రంతా స్టీలు గిన్నెలో నానబెట్టండి. ఇనుప పాత్ర వాడితే శీకాయ నల్లబడుతుంది. ఉదయం బాగా పిసికి, పలుచని నూలుగుడ్డతో రెండుసార్లు వడగట్టండి. పెంకు నలుసులు కంట్లో పడితే గీరుకుంటాయి కనుక ఈ రెండవ వడపోత ముఖ్యం. పులుసు చిక్కగా ఉంటే మరికొన్ని నీళ్ళు కలపండి.

మొదటిసారి వాడేవారు మోచేతి లోపలివైపు కొద్దిగా రాసి ఒక రోజు ఆగండి. దద్దురు, దురద రాకపోతేనే తలకు పట్టించండి. జుట్టును ముందు నీటితో తడిపి, తల వెనక్కు వంచి, కళ్ళు మూసుకుని పోసుకోవాలి. వేళ్ళ కొనలతో రుద్దాలి, గోళ్ళతో కాదు. రెండు మూడు నిమిషాలు చాలు. తరువాత జారుడు పోయేదాకా నీళ్ళు పోయాలి. వారానికి ఒకటి రెండుసార్లు మించి అక్కరలేదు. నూనె జిడ్డు మొదటిసారికే పూర్తిగా వదలకపోతే నూనె తగ్గించండి, కుంకుడు పెంచకండి.

మిగిలిన పులుసును ఏమి చేయాలన్నది చాలామంది అడిగే ప్రశ్న. పారబోయండి. దుకాణపు షాంపూలో మనం తిట్టుకునే నిల్వ పదార్థాలు ఇందులో లేవు. అది దీని గొప్ప, అదే దీని బలహీనత కూడా. విజయవాడ వేసవిలో బయట పెట్టిన కుంకుడు పులుసు ఒక రోజులోనే బ్యాక్టీరియాకు, బూజుకు విందుభోజనం. దాన్ని తలకు రాసుకుంటే వెంట్రుకల కుదుళ్ళలో చీముపొక్కులు రావచ్చు. ఫ్రిజ్‌లో పెట్టినా రెండు రోజులు దాటనివ్వకండి. వాసన మారినా, పైన పొర కట్టినా ఆలోచించకుండా పారబోయండి. నెలకు సరిపడా సీసాలో పోసి దాచుకోమని చెప్పే వీడియోలను నమ్మవద్దు. నిల్వ చేయదలిస్తే ఎండిన పెంకును నిల్వ చేయండి. లేదా ముక్కుకు గుడ్డ కట్టుకుని పొడిగొట్టి, తడి తగలని డబ్బాలో పెట్టుకోండి.

వంటసోడా కలపవద్దు, దాని క్షారగుణం వెంట్రుక పైపొరను గరుకుగా మారుస్తుంది. నిమ్మరసం రాసుకుని ఎండలో కూర్చోవద్దు. నిమ్మజాతి రసం తగిలిన చర్మం ఎండకు కాలి నల్లమచ్చలు పడవచ్చు. తలలో పుండ్లు, పగుళ్ళు ఉన్నప్పుడు కుంకుడు వద్దు. ఏడాది లోపు పిల్లలకు అసలు వద్దు. వారి తలకు గోరువెచ్చని నీళ్ళు చాలు. మిగిలిన కుంకుడు నీళ్ళను చేపలున్న తొట్టిలోకి, కుంటలోకి పోనివ్వకండి. ఎందుకో ఇంతకుముందే చెప్పాను.

కడగడం వేరు, నయం చేయడం వేరు

ఇక రెండవ ప్రశ్న. మనకు కనిపించే వెంట్రుక మృతపదార్థం. ప్రాణమున్నది చర్మం కింద ఉన్న కుదురులో. ఆ కుదురుకు ఆహారం రక్తంనుంచి అందుతుంది, పైనుంచి పోసే పులుసునుంచి కాదు. ఏ షాంపూ అయినా, ఇంటిదైనా అంగడిదైనా, వెంట్రుకను కడగగలదు. కుదురుకు తిండి పెట్టలేదు.

కొన్నేళ్ళ కిందట గుడివాడ దగ్గరి పల్లెనుంచి ఒక తల్లి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. జడ సగమైందని ఆమె బాధ. ఎనిమిది నెలలుగా కుంకుడు, శీకాయ, ఉల్లిరసం, మందార నూనె, పక్కింటివారు చెప్పిన ఆకులు అన్నీ వాడింది. "ఇంకేమి కలిపితే ఆగుతుంది డాక్టరు గారూ?" అని అడిగింది. నేను ఆమె జుట్టు చూడలేదు. కింది రెప్ప లాగి చూశాను. సున్నం వేసిన గోడలా తెల్లగా ఉంది. మెట్లెక్కితే ఆయాసం, నెలసరిలో అధిక రక్తస్రావం ఉన్నాయా అని అడిగితే అవునంది. అవి అడగవలసిన విషయాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. హిమోగ్లోబిన్ 6.2 గ్రాములు. గర్భాశయంలో కణితి ఉంది. దానికి చికిత్స జరిగింది, ఇనుము మాత్రలు నెలల తరబడి వాడింది. రక్తం పెరిగింది, తరువాత నెమ్మదిగా జుట్టూ వచ్చింది. ఆ ఎనిమిది నెలలు ఆమె గుండె ఎంత భారం మోసిందో ఆమెకు తెలియదు. జుట్టు ఆమెను పిలిచి చెబుతున్నది. ఆమె ఆ పిలుపును కుంకుడుతో కడుగుతూ వచ్చింది.

ఇది అరుదైన కథ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత ఉంది. పటమట సభలో రక్తహీనత గురించి ఎవరూ అడగలేదని మొదట్లో రాశాను. నిజానికి ఆమె అడిగినది దాన్ని గురించే కావచ్చు.

రోజుకు యాభై నుంచి వంద వెంట్రుకలు రాలడం సహజం. టైఫాయిడ్, డెంగీ, కోవిడ్ వంటి జ్వరాలు తగ్గిన రెండు మూడు నెలలకు, ప్రసవం తరువాత, కఠినమైన ఉపవాసాల తరువాత కుప్పలుగా రాలడం కూడా మామూలే. చాలామందికి కొన్ని నెలల్లో దానంతటదే సర్దుకుంటుంది. ఆ సమయంలో వాడుతున్న నూనెకో పొడికో ఆ ఖ్యాతి దక్కుతుంది! అలా సర్దుకోకపోతే హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. చుండ్రుకు కారణం జిడ్డును తిని బతికే ఒక రకమైన బూజు. నూనె పట్టించిన కొద్దీ అది పెరుగుతుంది. మొండి చుండ్రుకు కీటోకొనజోల్ షాంపూ కుంకుడుకంటే మెరుగు. తలలో రూపాయి బిళ్ళంత నున్నని మచ్చ ఏర్పడితే పేనుకొరుకుడు అంటాం. పాపం, పేనుకు దానితో సంబంధం లేదు, అది శరీర రక్షణ వ్యవస్థ పొరపాటున కుదుళ్ళ మీద చేసే దాడి. పిల్లల తలలో పొట్టు రాలుతూ వెంట్రుకలు తెగిపోయే మచ్చ తామర కావచ్చు. దానికి పైపూతలు చాలవు, నోటి మాత్రలు కావాలి. వీటిలో దేనికీ కుంకుడు మందు కాదు.

తలంటు అనే పరీక్ష

అయితే పెద్దలు తలంటును ఆరోగ్యమన్నది అబద్ధమా? కాదు. ఆ మాటలోనే సమాధానం ఉంది. తలంటు అన్న మాటలో కుంకుడూ లేదు, నూనే లేదు. తల ఉంది, అంటడం ఉంది. చేత్తో తాకి పట్టించడమే దాని అర్థం. విచిత్రంగా షాంపూ అన్న మాట చరిత్రా ఇదే. నొక్కడం, పిసకడం అనే అర్థమున్న హిందుస్తానీ చాంపోనుంచి 18వ శతాబ్దంలో అది ఇంగ్లీషులోకి వెళ్ళింది. 1759లో పట్నాలో పుట్టిన సేక్ దీన్ మొహమ్మద్ ఇంగ్లండులోని బ్రైటన్‌లో స్నానశాల నడిపి, 1822లో షాంపూయింగ్ గురించి ఒక పుస్తకమే రాశాడు. ఆయన ఆవిరిపట్టి చేసినది ఒళ్ళు మర్దనం. ఆ మాట చేతినుంచి జారి సీసాలో పడింది తరువాతి కాలంలోనే.

మా అమ్మ వేళ్ళు వారానికోసారి మా తలలంతా తిరిగేవి. పేలు, ఈపులు, పొక్కులు, దెబ్బ తగిలి దాచిన బొప్పి, చెవి వెనుక ఉబ్బిన బిళ్ళ, ఒళ్ళు వెచ్చబడిన సంగతి, అన్నీ ఆ వేళ్ళకు తెలిసేవి. వైద్యభాషలో చెప్పాలంటే అది ప్రతివారం జరిగే శరీర పరీక్ష. నాలుగు దశాబ్దాలు వైద్యుడిగా నేను చేసినది అంతకంటే చాలా ఎక్కువేమీ కాదు.

ఈ విషయం నాకు ఆలస్యంగా తెలిసింది. నాన్నగారు పోయాక అమ్మ ఊళ్ళోనే ఒంటరిగా ఉండేది. నేను నెలకోసారి వెళ్ళి బీపీ చూసి, మందులిచ్చి, వెంటనే తిరిగి వచ్చేవాణ్ణి. ఒక సంక్రాంతికి మా అక్కయ్య వచ్చి, భోగినాడు అమ్మకు తలంటింది. ముడి విప్పి నూనె పెడుతూ, "తమ్ముడూ, ఇటు రా" అని పిలిచింది. చిన్నప్పుడు కాగు నీళ్ళు ఒలికి కాలిన పాత మచ్చ అమ్మ తల వెనుక ఉండేది. దాని మీద రూపాయి బిళ్ళంత పుండు, అంచులు గట్టిపడి ఉంది. ఏడాదిగా ఉందట. కొబ్బరినూనెలో పసుపు కలిపి రాసుకుంటోందట. "నువ్వు వచ్చేది బీపీ చూడడానికి కదా నాయనా, ఇది ఎందుకు చెప్పడమని" అంది.

పాత కాలిన మచ్చల మీద ఏళ్ళ తరువాత మానని పుండు పడితే క్యాన్సరేమోనని అనుమానించాలని నేను విద్యార్థిగా చదివాను, జూనియర్లకు చెప్పాను. అది అదే. శస్త్రచికిత్స చేసి, తొడ చర్మం తీసి అతికారు. అదృష్టవశాత్తు మెడ గ్రంథులకు పాకలేదు. ఆ తరువాత అమ్మ నాలుగేళ్ళు బతికి, మరో కారణంతో వెళ్ళిపోయింది. కాని ఆ పన్నెండు రాకపోకల్లో ఒక్కసారైనా నేను ఆ తల మీద చేయి వేసి ఉంటే అన్న ఆలోచన నన్ను వదలలేదు. ఆ పుండును కనిపెట్టినది కుంకుడు కాదు, వైద్య పట్టా కాదు, అక్కయ్య చేయి.

నేడు మన డెల్టా పల్లెల్లో పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి, ఇంట్లో వృద్ధులు మాత్రమే మిగిలిన కుటుంబాలెన్నో. వారికి మందులు పంపుతున్నాం, వీడియోలో ముఖం చూస్తున్నాం. వారి తలను ఎవరూ తాకడం లేదు. ఇంట్లోనే షాంపూ చేసుకోవాలన్న ఉత్సాహం మంచిదే. కాని కుంకుడును వెనక్కు తెచ్చుకుని ఆ చేతిని మరచిపోతే, పెంకు దాచుకుని కాయను పారవేసినట్లే.

కనుక నా సలహా ఇది. కుంకుడు వాడండి, శీకాయ వాడండి, సరిపడితే దుకాణపు షాంపూ వాడండి. అది మీ ఇష్టం. కాని వారానికోసారి, కుదరకపోతే నెలకోసారి, ఇంట్లోని పిల్లల తలలను, పెద్దల తలలను మంచి వెలుతురులో పాయలు తీసి చూడండి. నెలరోజులైనా మానని పుండు, పాత మచ్చ మీద కొత్త పుండు, పెరుగుతున్న గడ్డ, రంగు మారిన పుట్టుమచ్చ, స్పర్శ లేని మచ్చ, చెవి వెనుక, మెడ మీద తగ్గని బిళ్ళలు, ఒకేచోట ఊడిన జుట్టు కనిపిస్తే వైద్యునికి చూపించండి. మంచాన ఉన్నవారికైతే తల వెనుకభాగం తప్పక చూడండి. ఒత్తిడి పుండ్లు అక్కడా పడతాయి. జుట్టు విపరీతంగా రాలుతుంటే తల కడిగేముందు కింది రెప్ప లాగి చూడండి, రక్తపరీక్ష చేయించండి. ఊళ్ళో ఒంటరిగా ఉన్న అమ్మానాన్నల దగ్గరకు ఈసారి వెళ్ళినప్పుడు మందుల సంచి పక్కన పెట్టి, ఒక గిన్నెడు నూనె వెచ్చబెట్టి వారి వెనుక కూర్చోండి. అందుకు పండుగదాకా ఆగనక్కరలేదు.